ఎయిర్ క్లీనర్ మార్చేవాళ్లు ముందు గ్యాస్కెట్ సంగతి చూసుకోవాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

టూరింగ్ బైకులకు బయట మార్కెట్‌లో దొరికే ఎయిర్ క్లీనర్ల గురించి మీ మోటార్ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. కంపెనీ బిగించిన డబ్బా తీసేసి గాలికి అడ్డం తక్కువగా ఉండే ఫ్రీ ఫ్లో ఫిల్టర్ పెడితే ఇంజిన్ బాగా గాలి పీలుస్తుందని, పికప్ పెరుగుతుందని, అరగంటలో ఎవరికి వాళ్లే బిగించుకోవచ్చని రాశారు. ఆ అరగంట మాట దగ్గరే నాకు అభ్యంతరం. నేనూ అరగంటలోనే బిగించాను, ఆ తర్వాత 18 నెలలకు ఇంజిన్ పైభాగం మొత్తం విప్పాల్సి వచ్చింది. మీ వ్యాసంలో హార్స్‌పవర్ అంకెలు ఉన్నాయి, సౌండ్ గురించి ఉంది, క్రోమ్ మెరుపు గురించి కూడా ఉంది కానీ ఆ ఫిల్టర్ దుమ్మును ఎంతవరకు ఆపుతుందో ఒక్క వాక్యం కూడా లేదు. పేరులోనే క్లీనర్ అని ఉన్న వస్తువు గురించి రాస్తూ అది ఎంత శుభ్రం చేస్తుందో రాయకపోవడం నాకు బాధ కలిగించింది. అందుకే ఈ ఉత్తరం పొడుగైనా సరే, ఓపికగా చదివి అచ్చు వేయమని కోరుతున్నాను.

నాది పెద్ద వి-ట్విన్, అంటే రెండు సిలిండర్లు V ఆకారంలో ఉన్న టూరింగ్ బైక్. సామాను పెట్టెలతో, వెనక మనిషితో దూరాలు తిరగడానికే కొన్నాను. ఎయిర్ క్లీనర్ కిట్ బిగించిన రోజు థ్రాటిల్ తిప్పగానే కుడి మోకాలి పక్కనుంచి గాలి లాగే హోరు వినిపించేసరికి బండికి కొత్త ప్రాణం వచ్చినట్టే అనిపించింది. నిజానికి పెరిగింది చప్పుడు. మూసి ఉన్న డబ్బాలో ఇన్నాళ్లూ అణిగి ఉన్న శబ్దం ఇప్పుడు నేరుగా చెవిన పడుతుంటే మనకు అదే బలం అనిపిస్తుంది. మొదటి ఏడాది ఏ తేడా తెలియలేదు. తర్వాత ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది. అంతకుముందు ఒకసారి ఆయిల్ మారిస్తే మళ్లీ మార్చే దాకా డిప్‌స్టిక్ మీద మట్టం పెద్దగా దిగేది కాదు, ఇప్పుడు ప్రతి 1500 కిలోమీటర్లకు అర లీటరు పోయాల్సి వస్తోంది. చివరికి మెకానిక్ సిలిండర్లు తీసి చూపించాడు, గోడల నిండా నిలువు గీతలు, గోరుతో తడిమితే తగులుతున్నాయి. ఎయిర్ క్లీనర్ విప్పాక అసలు సంగతి బయటపడింది. ఫిల్టర్‌ను మోసే బ్యాక్‌ప్లేటుకీ, ఇంజిన్‌లోకి గాలి వెళ్లే నోరైన థ్రాటిల్ బాడీకీ మధ్య సందు లేకుండా మూసే గ్యాస్కెట్ అనే పల్చటి పొర ఒక మూల మడత పడి ఉంది, సరిగ్గా ఆ మడత దగ్గర మొదలై థ్రాటిల్ బాడీ లోపలికి వేలెడు వెడల్పున మట్టి రంగు చార. ఫిల్టర్‌లో ఏ లోపమూ లేదు. దాని పక్కనున్న సందులోంచి 18 నెలల పాటు దుమ్ము నేరుగా సిలిండర్లలోకి వెళ్లింది.

ఇంత చిన్న సందుకు అంత నష్టం ఎలా జరిగిందని నాకూ మొదట అనిపించింది, కాగితం మీద లెక్క వేసుకున్నాక అర్థమైంది. లీటరు పెట్రోలు సరిగ్గా మండాలంటే దాని బరువుకు దాదాపు 14.7 రెట్లు గాలి కావాలి. పెట్రోలు లీటరు ముప్పావు కిలో తూగుతుంది కాబట్టి గాలి 11 కిలోల దాకా అవసరం. గాలి అంత తేలికైన వస్తువు కనుక 11 కిలోలంటే సుమారు 9000 లీటర్ల గాలి. పెద్ద టూరింగ్ బైక్ లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే, రోజుకు 500 కిలోమీటర్లు తిరిగినప్పుడు 25 లీటర్ల పెట్రోలుతో పాటు రెండు లక్షల పాతిక వేల లీటర్ల గాలిని మింగుతుంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న గదులు ఆరింటిలో పట్టే గాలి కన్నా అది ఎక్కువ. ఆ గాలి కూడా ఇంట్లో గాలి కాదు కదా, ముందు వెళ్తున్న లారీ చక్రాలు లేపిన గాలి, రోడ్డు పనులు జరిగే చోట గాలి, మట్టి రోడ్డు మీద తోటి బైకు వెనకాలే వెళ్తూ పీల్చే గాలి. నూరు పాళ్లలో ఒక్క పాలు ఫిల్టర్‌ను తప్పించుకుని పక్కనుంచి వెళ్లినా ఏడాదికి ఎంతవుతుందో ఊహించుకోండి.

దుమ్ములో ఎక్కువ హాని చేసేది సిలికా, అంటే ఇసుక పొడి. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద అది 7 దగ్గర ఉంటుంది, మామూలు ఇనుము 4 దగ్గర ఉంటుంది, పిస్టన్‌కు వాడే అల్యూమినియం ఇంకా మెత్తన. కాబట్టి సిలిండర్‌లోకి చేరిన రేణువు పిస్టన్ పక్కన గుచ్చుకుని అక్కడే ఉండిపోతుంది, పిస్టన్ పైకీ కిందకీ వెళ్లిన ప్రతిసారీ గరుకు కాగితంలా గోడను గీరుతుంది. కంటికి కనబడే రేణువులను ఏ ఫిల్టరైనా ఆపుతుంది. ప్రమాదం మన కంటికి ఆనని 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులతోనే ఎక్కువ, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది, దానితో పోల్చుకోండి. పిస్టన్ రింగుకీ సిలిండర్ గోడకీ మధ్య ఉండే పల్చటి ఆయిల్ పొరలో సరిగ్గా ఇరుక్కునే సైజు అది. ఫిల్టర్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, అవతలి వెలుగు ఎంత బాగా కనిపిస్తోందో చూపించి, గాలి ఎంత బాగా ఆడుతుందో చూడండి అని అమ్మేవాళ్లు ఉన్నారు. నాకూ అలాగే చూపించారు, ఆ రోజు అది గొప్పగానే అనిపించింది. అవతలి వెలుగు కనబడేంత రంధ్రాలున్న ఫిల్టర్ ఏ సైజు రేణువు దాకా ఆపుతుందని ఆ క్షణంలో అడగాలని నాకు తట్టలేదు, మీ పాఠకులైనా అడగాలి.

ఇప్పుడు పికప్ విషయం. ఫిల్టర్ మారిస్తే లాభమే ఉండదని నేను అనడం లేదు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఇంజిన్‌ను పై రెవ్స్ దాకా లాగినప్పుడు కంపెనీ డబ్బా మూతి కొంత అడ్డమే, అక్కడ తేడా నిజంగానే ఉంటుంది, సైలెన్సర్ కూడా మార్చి ట్యూనింగ్ (పెట్రోలు పోసే లెక్క సరిచేయడం) చేయిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కానీ టూరింగ్ బైక్ ఎంతసేపు అలా నడుస్తుంది? గంటకు 90 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్తున్నప్పుడు థ్రాటిల్ రేకు, అంటే థ్రాటిల్ బాడీలో గాలిని అదుపు చేసే మూత, కొంచెమే తెరుచుకుని ఉంటుంది, గాలికి అసలు అడ్డం ఆ రేకే, ఫిల్టర్ కలిగించే అడ్డం దాని ముందు లెక్కలోకే రాదు. తలుపు బెత్తెడే తెరిచి ఉంచి కిటికీ జాలీ మార్చినా లోపలికి వచ్చే గాలి పెరగదు కదా. అందుకే మైలేజీ పెరుగుతుందన్న మాట నేను నమ్మను. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో కార్ల మీద చేసిన పరీక్షల్లో, ఫిల్టర్ బాగా మూసుకుపోయినా కొత్త తరం ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్ల మైలేజీ దాదాపు తగ్గలేదని, తగ్గేది పికప్ మాత్రమేనని తేలింది. మూసుకుపోయిన ఫిల్టర్‌తోనే మైలేజీ పడిపోనప్పుడు మంచి ఫిల్టర్ తీసి ఇంకా వదులు ఫిల్టర్ పెడితే ఎక్కడి నుంచి పెరుగుతుంది?

ఇంకో మాట, కంపెనీ డబ్బాను పనికిరాని ప్లాస్టిక్ అన్నట్టు రాశారు. దాని లోపలి ఖాళీ జాగా ఊరికే వదిలినది కాదు. 45 డిగ్రీల వి-ట్విన్‌లో రెండు పిస్టన్లనూ ఒకే క్రాంక్‌పిన్ (క్రాంక్ ఇరుసు మీది పిన్ను) తిప్పడం వల్ల ఒక సిలిండర్ పేలాక క్రాంక్ 315 డిగ్రీలు తిరిగితే రెండోది, ఆ తర్వాత 405 డిగ్రీలు తిరిగితే మళ్లీ మొదటిది పేలుతుంది, పీల్చుకోవడమూ అలా ఎగుడుదిగుడుగానే సాగుతుంది. గాలి కాసేపు గట్టిగా లాగినట్టు, కాసేపు వెనక్కి తన్నినట్టు ఉంటుంది. ఆ కుదుపును సర్దడానికీ, చప్పుడు తగ్గించడానికీ, వాన నీళ్లు నేరుగా ఫిల్టర్ మీద పడకుండా కాచడానికీ ఆ డబ్బా ఉంది. తీసేయాలనుకుంటే తీసేయండి, ఈ మూడు పనులూ ఇకనుంచి ఎవరు చేస్తారో ఆలోచించుకుని తీయండి. నేను ఇప్పటికీ బయట కొన్న ఎయిర్ క్లీనరే వాడుతున్నాను, కానీ మొదటిదాన్ని మాత్రం మళ్లీ పెట్టలేదు.

బిగించే పని గురించి కొంచెం వివరంగా రాస్తాను, మీ వ్యాసంలో రెండు వరుసల్లో తేల్చేసింది ఇదే కాబట్టి.

పాత డబ్బా విప్పకముందే ఆ చుట్టుపక్కలంతా తడిగుడ్డతో తుడవాలి. మూత తీసేటప్పుడు అంచు మీద పేరుకున్న మట్టి సరాసరి థ్రాటిల్ బాడీ నోట్లో పడుతుంది, చాలామంది ఇంజిన్‌కు చేసే మొదటి హాని ఇక్కడే. ఫిల్టర్ బయటికి రాగానే ఆ నోటిని శుభ్రమైన గుడ్డతో మూయాలి, పీచు ఊడే పాత బనీను ముక్కతో కాదు. గుడ్డ ముదురు రంగుది, పెద్దది ఉండాలి, ఒక కొస బయటికి బాగా వేలాడాలి, ఎందుకంటే లోపల గుడ్డ ఉన్న సంగతి మరిచిపోయి కొత్త ఫిల్టర్ బిగించేసినవాళ్లు నాకు తెలుసు. విప్పిన స్క్రూలు, వాషర్లు లెక్కపెట్టి పళ్లెంలో పెట్టుకోవాలి. పని అయ్యాక ఒకటి తక్కువైతే అది ఎక్కడుందో కనబడేదాకా స్టార్టర్ బటన్ నొక్కకూడదు.

పాత గ్యాస్కెట్ మళ్లీ వాడొద్దు. కొత్తది ముడత లేకుండా, రంధ్రాలకు రంధ్రాలు సరిగ్గా కలిసేలా కూర్చోబెట్టాలి. అది జారకుండా ఉండాలని కొందరు సిలికాన్ పేస్టు దండిగా రాస్తారు, ఆ పేస్టు తునకలు ఆరాక ఊడి లోపలికే పోతాయి. నేను చేసిన తప్పు ఏమిటంటే గ్యాస్కెట్‌ను బ్యాక్‌ప్లేటు వెనక పెట్టి, చూడకుండా చేత్తో తడుముకుంటూ ఒక స్క్రూ పూర్తిగా బిగించేశాను, మిగతా రెండు రంధ్రాలు కలవకపోతే ప్లేటును అటూ ఇటూ లాగి కలిపాను. ఆ లాగుడులోనే అది మడత పడింది. ఇప్పుడు చేసే పద్ధతి వేరు. అన్ని స్క్రూలనూ, సిలిండర్ హెడ్లకు (సిలిండర్ల పై మూతలకు) వెళ్లే రెండు పెద్ద బోల్టులనూ ముందు వేళ్లతో మాత్రమే తిప్పి అందిస్తాను, ప్లేటు ఎక్కడా పట్టేయకుండా తనంతట తాను కూర్చుందో లేదో చూస్తాను, టార్చి వేసి చిన్న అద్దంతో గ్యాస్కెట్ అంచు చుట్టూ చూస్తాను, అప్పుడు ఒక్కో స్క్రూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగిస్తాను.

ఆ ప్లేటు హెడ్లకూ థ్రాటిల్ బాడీకీ మధ్య వంతెనలా ఉంటుంది. రంధ్రాలు సరిగ్గా కలవకుండా బలవంతంగా బిగిస్తే ఆ లాగుడు థ్రాటిల్ బాడీ ద్వారా దాని వెనకున్న మ్యానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు చేర్చే గొట్టం) సీళ్ల మీద పడుతుంది, సీలు పక్కకు జరిగితే అక్కడ గాలి లీకు మొదలవుతుంది. ఈ రెండు లీకులకూ తేడా తెలుసుకోవాలి. థ్రాటిల్ రేకుకు ముందు, అంటే ఫిల్టర్ వైపు లీకైతే బండి నడకలో ఏ తేడా కనబడదు, గాలి, పెట్రోలు మిశ్రమం మారదు, ఐడ్లింగ్ చక్కగా ఉంటుంది, దుమ్ము మాత్రం లోపలికి పోతుంది. రేకుకు వెనక, మ్యానిఫోల్డ్ వైపు లీకైతే ఇంధనంతో పోలిస్తే గాలి ఎక్కువై ఐడ్లింగ్ ఎగుడుదిగుడు అవుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది, వెంటనే తెలిసిపోతుంది. నాకు జరిగింది మొదటిది. బండి ఏ ఫిర్యాదూ చెయ్యలేదు కాబట్టే నేను 18 నెలలు నిశ్చింతగా తిరిగాను.

ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. కిట్‌తో వచ్చే కాగితంలో చిన్న స్క్రూలకు ఇంచ్-పౌండ్లలో, పెద్ద బోల్టులకు ఫుట్-పౌండ్లలో కొలతలు ఇస్తారు, ఒక ఫుట్-పౌండ్ అంటే 12 ఇంచ్-పౌండ్లు. ఆ పేర్లలో తేడా గమనించకుండా బిగిస్తే అల్యూమినియంలో మర అక్కడికక్కడే ఊడిపోతుంది. మరలకు పెట్టే జిగురు నీలం రంగుది, అంటే మళ్లీ విప్పగలిగే రకం, ఒక్కో స్క్రూకు ఒకటి రెండు చుక్కలు చాలు. అది కూడా అవసరమే, ఎందుకంటే వి-ట్విన్ వణుకుడుకు వదులైన స్క్రూ ఫిల్టర్ లోపలి వైపు ఉంటే నేరుగా ఇంజిన్ నోట్లోకే వెళ్తుంది.

హెడ్లకు వెళ్లే ఆ పెద్ద బోల్టులు లోపల గుల్లగా ఉంటాయి. హార్లీ-డేవిడ్‌సన్ ట్విన్ క్యామ్, మిల్వాకీ-ఎయిట్ లాంటి ఇంజిన్లలో క్రాంక్‌కేస్‌లో, అంటే ఇంజిన్ అడుగు భాగంలో, ఒత్తిడి పెంచే గాలి హెడ్లలోకి వచ్చి, ఈ బోల్టుల గుండా ఎయిర్ క్లీనర్‌లోకి చేరి, మళ్లీ ఇంజిన్‌లోనే మండిపోతుంది. ఆ ఊపిరితో పాటు సన్నటి ఆయిల్ ఆవిరి కూడా వస్తుంది. కంపెనీ డబ్బాలో అది ఎక్కడో లోపల ఇంకిపోయి మనకు కనబడదు, తెరిచి ఉన్న ఫిల్టర్ పెట్టాక అదే ఆయిల్ ఫిల్టర్ అడుగున చేరి, ఎక్కువ వేగంతో గంటల తరబడి వెళ్లాక బొట్లు బొట్లుగా కారి కుడి బూటు మీద పడుతుంది. చాలామంది దీన్ని చూసి ఇంజిన్ పోయిందని టెన్షన్ పడతారు. ముందు చూడాల్సింది ఆయిల్ ఎక్కువ పోశామా అన్నది. మాన్యువల్ చెప్పిన పద్ధతిలో, బండిని అది చెప్పినట్టు నిలబెట్టి, చెప్పిన వేడి మీద మట్టం చూడకుండా చల్లటి ఇంజిన్‌లో పై గీత దాకా నింపేస్తే మిగులు ఆయిల్ ఈ దారినే బయటికి వస్తుంది. ఆ ఊపిరి బయటికి వచ్చే బ్రీదర్ దారిని మాత్రం మూసేయకూడదు. కొన్ని కిట్లలో బ్రీదర్ గొట్టాలు సరిగ్గా కుదరవు, ఎక్కడైనా వంగి నొక్కుకుపోతే ఒత్తిడికి దారి లేక ఆయిల్ సీళ్లలోంచి పొడుచుకు వస్తుంది. ఆ గొట్టాన్ని కిందికి వదిలి రోడ్డు మీదకు ఆయిల్ కార్చేవాళ్లనూ చూశాను, దయచేసి ఆ పని చెయ్యొద్దు, ఆ చుక్కలు మన వెనక చక్రం కింద కూడా పడతాయి. ఆ ఆయిల్ పట్టే చిన్న డబ్బా, క్యాచ్ క్యాన్ అంటారు, పెట్టుకుని ఆయిల్ మార్చినప్పుడల్లా ఖాళీ చేసుకుంటే సరిపోతుంది.

ఇంధనం సంగతి కూడా రాయాలి. ఇలాంటి బైకుల్లో చాలావాటిలో లోపలికి వచ్చే గాలిని నేరుగా కొలిచే మీటరు ఉండదు. మ్యానిఫోల్డ్‌లో పీడనం ఎంత, గాలి వేడి ఎంత, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోంది అన్నవి చూసి, కంపెనీ ముందే రాసి పెట్టిన పట్టిక ప్రకారం ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్, పెట్రోలు పోస్తుంది. ఆ పట్టిక పాత డబ్బాకు రాసింది. నిలకడగా వెళ్తున్నప్పుడు సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ చూసి కొంతవరకు సర్దుకుంటుంది, కానీ థ్రాటిల్ బాగా తెరిచినప్పుడు ఆ సెన్సర్ మాట వినకుండా పట్టికనే నమ్ముతుంది, మనం పెంచిన గాలి వచ్చేదీ అప్పుడే. ఫిల్టర్ ఒక్కటే మార్చి సైలెన్సర్ ముట్టుకోకపోతే తేడా చిన్నదే, చాలా బళ్లు భరిస్తాయి. రెండూ మార్చి ట్యూనింగ్ చేయించకపోతే మాత్రం థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపలు, తొడలకు తగిలే వేడి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్‌లో టకటక కొట్టుకునే చప్పుడు (నాకింగ్) మొదలవుతాయి. బ్యాటరీ వైరు తీసి పది నిమిషాలాగి పెడితే ఈసీయూ కొత్త ఫిల్టర్‌ను నేర్చుకుంటుందని చెప్పేవాళ్లున్నారు, ఆ పట్టిక అలా మారదు. ఈ ట్యూనింగ్‌కు చట్టం హద్దులు కూడా ఉన్నాయి, పొగ నియమాలను దాటించే ట్యూనర్లు అనే పరికరాలు అమ్మిన కేసులో హార్లీ-డేవిడ్‌సన్ అంత కంపెనీయే 2016లో అమెరికా పర్యావరణ సంస్థకు 1.2 కోట్ల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. కాబట్టి మీరు బండి నడిపే చోట ఏది చెల్లుతుందో కొనకముందే కనుక్కోవాలి.

ఎత్తైన కొండ దారుల్లో బండి నీరసించిందని అక్కడే ఫిల్టర్ విప్పి తీసేసేవాళ్లు కూడా ఉన్నారు. సముద్ర మట్టం నుంచి 3000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత కిందున్న దానిలో ముప్పావు వంతుకు దగ్గరగా, 5000 మీటర్ల ఎత్తులో అరవై శాతమే ఉంటుంది. గాలే పల్చబడితే ఫిల్టర్ తీసి ఏం లాభం, పైగా ఆ దారుల్లోనే దుమ్ము ఎక్కువ.

కొన్నాక చూసుకోవడం గురించి కూడా మీ వ్యాసంలో తప్పు మాట ఒకటి ఉంది, ప్రతి ట్రిప్పు తర్వాత ఫిల్టర్ కడగమన్నారు. అంత తరచుగా వద్దు. కొంచెం దుమ్ము పట్టిన ఫిల్టర్ సన్నటి రేణువులను కొత్త ఫిల్టర్ కన్నా బాగా ఆపుతుంది, పట్టిన దుమ్మే ఇంకో వలలా పనిచేస్తుంది. విప్పిన ప్రతిసారీ లోపలికి మట్టి రాలే అవకాశమూ ఉంది. కడగాల్సినప్పుడు ఆయిల్ పూసే నూలు గుడ్డ రకమైతే దానికి చెప్పిన ద్రవంతోనే కడిగి, లోపలి వైపు నుంచి బయటికి నీళ్లు పోసి, నీడలో ఆరనివ్వాలి. కంప్రెసర్ గాలి కొడితే నూలు పోగులు విడిపోయి రంధ్రాలు పెద్దవవుతాయి. పూర్తిగా ఆరాకే ఆయిల్ పూయాలి, ఆ ఆయిలే దుమ్మును పట్టుకునేది, పూయకుండా పెడితే ఆ ఫిల్టర్ పేరుకే ఫిల్టర్. ఎక్కువ పూస్తే లోపలికి లాగబడి సెన్సర్ల మీద పొరలా పడుతుంది. కాగితం ఫిల్టర్‌ను అసలు కడగకూడదు, మార్చడమే.

వానలో బయటికి కనబడే ఫిల్టర్‌కు తొడుగు వేసుకోవాలి, వాన వెలిశాక తీసేయాలి. మోకాలి సంగతి కూడా షాపులోనే చూసుకోవాలి. కొన్ని కిట్లు కుడివైపు ఎంతగా ముందుకు పొడుచుకు వస్తాయంటే పావుగంట నడిపి చూస్తే తెలియదు, ఆరు గంటలు కాలు వంకరగా పెట్టి కూర్చున్నాక నడుము చెబుతుంది. నా మొదటి కిట్ తీసేయడానికి అదీ ఒక కారణం.

ఎడిటర్ గారూ, మీ పేపర్ చూసి వస్తువులు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు, అందులో కొత్తగా బండి కొన్న పిల్లలు ఎక్కువ. అందుకే ఒక విన్నపం. ఇకమీద ఎయిర్ క్లీనర్ గురించి రాసినప్పుడు తయారీదారును అడిగి మూడు అంకెలు అచ్చు వేయండి. ఐఎస్ఓ 5011 పద్ధతిలో పరీక్షిస్తే ఎంత శాతం దుమ్ము ఆగింది, ఆ పరీక్షకు ఏ రకం దుమ్ము వాడారు, మూసుకుపోయేలోపు ఎన్ని గ్రాములు పట్టింది. ఆ పద్ధతి ఇంజిన్లలోకి వెళ్లే గాలి ఫిల్టర్లను పరీక్షించడానికి పెట్టిందే. ఒకరు ముతక దుమ్ముతో, ఇంకొకరు సన్న దుమ్ముతో పరీక్షించుకుని శాతాలు చెబితే పోల్చడానికి లేదు, అందుకే దుమ్ము రకం కూడా అడగమంటున్నాను. శాతాలు చూసేటప్పుడు ఇంకో సంగతి కూడా పాఠకులకు చెప్పండి. ఒక ఫిల్టర్ 99 శాతం, ఇంకోటి 97 శాతం ఆపుతుందంటే రెండు శాతమే కదా తేడా అనిపిస్తుంది. కానీ ఇంజిన్‌కు చేరేది ఆగిన దుమ్ము కాదు, ఆగనిది. ఒకదానిలోంచి నూటికి ఒక పాలు వెళ్తుంటే రెండోదానిలోంచి మూడు పాళ్లు వెళ్తోంది, అంటే మూడు రెట్లు. తయారీదారు ఈ అంకెలు ఇవ్వలేదంటే ఆ మాట కూడా అలాగే అచ్చు వేయండి.

బిగించినవాళ్లు సీలు సరిగ్గా కూర్చుందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది, నాకు సిలిండర్లు చూపించిన మెకానికే చెప్పాడు. ఫిల్టర్ బిగించే ముందు థ్రాటిల్ బాడీ నోటి లోపలి అంచు చుట్టూ, రేకుకు దూరంగా, వేలి కొసతో చాలా పల్చగా గ్రీజు రాయాలి. ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక విప్పి ఆ గ్రీజును వేళ్ల మధ్య రుద్ది చూడాలి. ఇసుక గరగరలాడితే ఎక్కడో సందు ఉంది, గ్రీజు ఏ వైపు మురికిగా ఉందో ఆ వైపే వెతకాలి. కొత్త సిలిండర్లు వేయించాక నేను ఇదే చేశాను. మొదటిసారి కింది వైపు కొంచెం గరుకు తగిలింది, గ్యాస్కెట్ మార్చి మళ్లీ బిగించాను. పోయిన వారం 600 కిలోమీటర్లు తిరిగొచ్చి మళ్లీ విప్పి చూశాను. చుట్టూ ఎక్కడ తడిమినా గ్రీజు రాసినప్పుడు ఎలా ఉందో అలాగే నున్నగా ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక టూరింగ్ రైడర్